శుక్రవారం లోపా, శుక్రవారం దాకానా?

ఇంగ్లీషులో కాలం చెప్పే ప్రిపోజిషన్లను మన బడుల్లో తలకిందులుగా నేర్పుతున్నారు. ఎట్, ఆన్, ఇన్ అనే మూడు మాటల మీద ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా ఖాళీలు పూరింపిస్తారు. బై, అంటిల్, ఫర్, సిన్స్, వితిన్ దగ్గరికి వచ్చేసరికి సిలబస్ అయిపోతుంది, లేకపోతే ఒక్క పీరియడ్‌లో చుట్టేస్తారు. మొదటి మూడింట్లో తప్పు చేస్తే ఎదుటివాళ్లు నవ్వుకుంటారేమో గానీ మన మాట అర్థమవుతుంది. రెండో గుంపులో తప్పు చేస్తే మాటే మారిపోతుంది. నష్టం లేనిచోట ఏళ్లకేళ్లు, నష్టం ఉన్నచోట ఒక్క పూట. ఇది నా మొదటి ఫిర్యాదు.

రెండోది అంతకంటే పెద్దది. ఈ తేడాల్లో చాలావరకు మన పిల్లలకు తెలుగులో ముందే వచ్చు. ఐదేళ్ల పిల్ల కూడా 'రేపటిదాకా ఉండు', 'రేపటికల్లా తెచ్చియ్యి' అనే రెండింటినీ ఎక్కడ ఏది కావాలో అక్కడ వాడుతుంది. ఆ తెలివిని ఇంగ్లీషు క్లాసులోకి రానివ్వం. తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు చెడిపోతుందని ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది. కాలం చెప్పే మాటల విషయంలో అది తప్పని నేను గట్టిగా అంటాను.

నేను హనుమకొండలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాను. నర్సింగ్ చదివే అమ్మాయిలు వస్తారు. ఎనుమాముల మార్కెట్ దిక్కు పత్తి, మిర్చి వ్యాపారాల్లో ఆఫీసు పని చేసే పిల్లలు వస్తారు. డిగ్రీ పట్టుకొని హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకు తిరిగేవాళ్లు వస్తారు. ఈ మధ్య సర్కారు బడి టీచర్లు కూడా ఒకరిద్దరు వస్తున్నారు. వీళ్లందరికీ ఎట్, ఆన్, ఇన్ రూల్ నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఒక మెయిల్‌లో గడువు రాయమంటే మాత్రం చేయి ఆగిపోతుంది.

ముందు ఆ మూడింటి సంగతి తేల్చేద్దాం. గడియారం టైముకు ఎట్. రోజుకు, తేదీకి ఆన్. నెలకు, ఏడాదికి, అంతకంటే పెద్ద కాలానికి ఇన్. దీన్ని బోర్డు మీద త్రికోణం గీసి చెప్పడం రివాజు. నేను ఆ రోజు దినపత్రిక తెచ్చి బల్ల మీద పెడతాను. తెలుగు పేపర్లో తేదీలు, టైములు ఉన్న వార్తలన్నీ గీతలు పెట్టి తెమ్మంటాను. 'ఉదయం 10 గంటలకు', 'జూన్ 2న', 'జూన్‌లో', '2014లో'. గంటలకు 'కు', తేదీకి 'న', నెలకూ ఏడాదికీ 'లో'. ఇంగ్లీషులో మూడు మెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుగులో కూడా అక్కడక్కడే ఉన్నాయి. తెలంగాణ రాష్ట్రం 2014లో వచ్చింది, జూన్‌లో వచ్చింది, జూన్ 2న వచ్చింది. 'జూన్ 2లో వచ్చింది' అని మనలో ఎవ్వరూ అనరు. అలా ఎన్నడూ అననివాళ్లు 'ఇన్ జూన్ సెకండ్' అని రాస్తున్నారంటే వాళ్లకు తెలియక కాదు. తెలిసిన దాన్ని ఇక్కడ వాడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

చిన్నప్పుడు 'డు ము వు లు ప్రథమా విభక్తి' అని వరుసగా బట్టీ పట్టినవాళ్లమే కదా. 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' షష్ఠి. 'అందున్, నన్' సప్తమి. జూన్ 2 వెనకాల నిలబడ్డ ఆ 'న' సప్తమిలోదే. పది గంటల వెనకాల ఉన్న 'కు', నెల వెనకాల ఉన్న 'లో' షష్ఠి వరసలోవే. టైము చెప్పే సరంజామా అంతా ఆ బట్టీలోనే ఉంది. తెలుగు పీరియడ్‌లో దాన్ని అప్పజెప్పిన పిల్లాడే గంట కొట్టగానే వచ్చే ఇంగ్లీషు పీరియడ్‌లో ఆ మూడు మెట్లూ కొత్తగా విన్నట్టు రాసుకుంటాడు. ఈ రెండు పీరియడ్ల మధ్య ఒక్క వాక్యం కలిపితే చాలు.

అన్నీ ఇలా అతకవు, నిజమే. మనకు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అనేవాటికి ప్రత్యయమే అక్కర్లేదు. 'రాత్రి వచ్చిండు' అంటే చాలు. ఇంగ్లీషుకు ఏదో ఒకటి తగిలించాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రాలకు ఇన్ ద, రాత్రికి ఎట్. దానికి రోజు పేరు జతైతే మళ్లీ ఆన్, అంటే శనివారం రాత్రి 'ఆన్ సాటర్‌డే నైట్'. ఇవి నాలుగైదు ఉంటాయి, బట్టీ పట్టాల్సిందే. పండుగలు వస్తే మళ్లీ తెలుగు పనికొస్తుంది. 'దసరాకు ఊరికి పోతున్న' అన్నప్పుడు ఆ ఒక్క రోజనే లెక్క లేదు, పండుగ పూట అని అర్థం. అది ఎట్ దసరా, లేదా పండుగ చేసుకోవడానికే పోతుంటే ఫర్ దసరా. 'దసరా నాడు జమ్మి చెట్టు దగ్గర కలిసినం' అంటే ఆన్ దసరా. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు సాగే బతుకమ్మకు 'బతుకమ్మ రోజుల్లో' అంటాం, అది డ్యూరింగ్ బతుకమ్మ. 'సద్దుల బతుకమ్మ నాడు' అంటే మళ్లీ ఆన్. 'నాడు' అనే మాట నోట్లోంచి వచ్చిందంటే కళ్లు మూసుకొని ఆన్ పెట్టొచ్చని మా పిల్లలకు చెప్తాను.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. 'ఆన్ నెక్స్ట్ మండే', 'ఇన్ లాస్ట్ ఇయర్', 'ఆన్ ఎవ్రీ సండే' అని మనవాళ్లు తెగ రాస్తారు. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ ముందు ఎట్, ఆన్, ఇన్ రావు. దీన్ని తెలుగు మీదికి నెట్టేస్తారు, 'మదర్ టంగ్ ప్రభావం' అని. ఏం ప్రభావం? తెలుగులో మనం 'వచ్చే సోమవారం', 'పోయిన ఏడాది', 'ప్రతి ఆదివారం' అంటాం. ఒక్కదానికీ తోక లేదు. 'నిన్న', 'రేపు', 'ఎల్లుండి' కూడా అంతే, ఇంగ్లీషులోనూ అంతే. పిల్లాడు తెలుగును అనుసరించి ఉంటే సరిగ్గానే రాసేవాడు. రోజు కనబడితే ఆన్, ఏడాది కనబడితే ఇన్ అనే రూల్‌ను నమ్మి తప్పు రాశాడు. త్రికోణమే ఆ తప్పు నేర్పింది.

పైగా ఈ మూడింట్లో ఇంగ్లీషువాళ్లకే ఏకాభిప్రాయం లేదు. శని, ఆదివారాలకు బ్రిటన్‌లో ఎట్ ద వీకెండ్ అంటారు, అమెరికాలో ఆన్ ద వీకెండ్ అంటారు. ఐదూ పదికి బ్రిటన్‌లో టెన్ పాస్ట్ ఫైవ్, అమెరికాలో టెన్ ఆఫ్టర్ ఫైవ్. ఎవరూ ఎవరినీ అపార్థం చేసుకోరు. అమ్మాయి నర్సుగా బ్రిటన్ పోతున్నా, అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోతున్నా నెలరోజుల్లో చెవికి పట్టేస్తుంది. దీనికోసం మార్కులు కోసి పిల్లలను భయపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఇప్పుడు అసలు విషయం.

ఎనుమాముల దిక్కు ఒక జిన్నింగ్ మిల్లులో ఆఫీసు పని చేసే అబ్బాయి నా దగ్గర చదువుతున్నాడు. వాళ్లకు కోయంబత్తూరు మిల్లులతో లావాదేవీలు. అటువైపు వాళ్లకు తెలుగు రాదు, వీళ్లకు తమిళం రాదు కాబట్టి మెయిళ్లన్నీ ఇంగ్లీషులోనే. సోమవారం అతను 'వి విల్ సెండ్ శాంపిల్స్ అంటిల్ ఫ్రైడే' అని రాసి పంపాడు. బుధవారం అవతలి నుంచి ఫోన్. శుక్రవారం దాకా శాంపిల్స్ పంపుతూనే ఉంటామన్నారు, నిన్నటివి ఏవి, ఇవాళ్టివి ఏవి అని. ఇక్కడేమో పంపాల్సింది ఒకే ఒక్క పెట్టె, శుక్రవారం లోపు. ఆ కుర్రవాడికి తిట్లు పడ్డాయి. తనేం తప్పు రాశాడో అతనికి ఆ సాయంత్రానికి కూడా అర్థం కాలేదు.

"శుక్రవారం వరకు పంపిస్తం అనే కదా మేడం రాసిన. వరకు అంటే అంటిల్ అనే కదా?" అన్నాడు.

"వరకు తీసేసి లోపు పెట్టి చెప్పు తమ్మీ."

"శుక్రవారం లోపు పంపిస్తం."

"మాట మారిందా?"

"మారలే."

"ఇప్పుడు 'శుక్రవారం వరకు ఆఫీసు బంద్ ఉంటది' అను. దీన్ల లోపు పెట్టు."

రెండుసార్లు పెదవులు కదిలించి చూసుకున్నాడు. "కుదుర్తలేదు మేడం."

"కుదిరితే బై. కుదరకపోతే అంటిల్."

క్లాసులో ఇంతకంటే ఎక్కువ వ్యాకరణం అక్కర్లేదు. ఎందుకు కుదిరింది, ఎందుకు కుదరలేదు అనేది మాత్రం మనం చూడాలి. మా దిక్కు మాటల్లో 'వరకు', 'దాకా' రెండు పనులు చేస్తాయి. 'సాయంత్రం వరకు వస్త' అంటే సాయంత్రం అయ్యేలోపు ఏదో ఒక క్షణాన వస్తానని. 'సాయంత్రం వరకు ఉంట' అంటే అప్పటిదాకా కదలకుండా ఉంటానని. ఒకటే మాట, క్రియ మారితే అర్థం మారింది. రావడం, ఇవ్వడం, పంపడం, కట్టడం అనేవి ఒక్కసారి జరిగి అయిపోయే పనులు. ఉండటం, ఆగడం, చదవడం, పనిచేయడం సాగే పనులు. మనం క్రియను చూసి అర్థం తీసుకుంటాం కాబట్టి ప్రత్యయం ఒకటే అయినా ఇబ్బంది పడం. పక్కనే వినబడే ఉర్దూలోనూ 'తక్' అంతే, 'షామ్ తక్ ఆ జాఊంగా' అన్నా, 'షామ్ తక్ రుకూంగా' అన్నా అదే తక్. రెండు భాషలూ కలగలిసిన వరంగల్, కరీంనగర్ బజార్లలో ఈ అలవాటు ఇంత గట్టిగా ఉండటానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. ఇంగ్లీషు అలా క్రియ మీద వదిలెయ్యదు. ఒక్కసారి జరిగే పనికి బై, సాగే పనికి అంటిల్ లేదా టిల్ అని వేరువేరుగా అడుగుతుంది.

మన దగ్గర ఆ తేడా చెప్పే మాటలు లేకపోలేదు. 'లోపు', 'లోగా', 'కల్లా' ఉన్నాయి. ఇవి ఒక్కసారి జరిగే పనికి తప్ప అతకవు. 'ఐదింటికల్లా వస్త' బాగుంది. 'ఐదింటికల్లా కూర్చుంట' అంటే కూర్చోవడం మొదలయ్యేది ఆ టైముకు అని అర్థం వస్తుందే గానీ అప్పటిదాకా కూర్చుని ఉంటానని రాదు. అందుకే పరీక్ష పెట్టడానికి 'లోపు' పనికొచ్చింది. ఏ డిక్షనరీలోనో 'అంటిల్ అంటే వరకు' అని చదివి ఊరుకుంటే ఆ అబ్బాయికి పట్టిన గతే పడుతుంది, ఎందుకంటే మన 'వరకు' ఇంగ్లీషు అంటిల్ కంటే చాలా వెడల్పు.

ఈ పరీక్ష ఒక్కచోట తడబడుతుంది, అది కూడా చెప్పాలి. 'రాడు', 'ఇవ్వను' లాంటి వ్యతిరేక క్రియలు వచ్చినప్పుడు. 'శుక్రవారం వరకు రాడు', 'శుక్రవారం లోపు రాడు' రెండూ తెలుగులో చెల్లుతాయి. అప్పుడు శుక్రవారం నాడు ఏం జరుగుతుందని అడగాలి. శుక్రవారం వస్తాడు, అంతకుముందు రాడు అంటే 'హి వోంట్ కమ్ అంటిల్ ఫ్రైడే'. శుక్రవారం గడిచినా వచ్చే ఆశ లేదంటే 'హి వోంట్ కమ్ బై ఫ్రైడే'. మొదటిదాంట్లో మనిషి వస్తున్నాడు, రెండోదాంట్లో రావట్లేదు. డబ్బులు రావాల్సిన వ్యాపారికి ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పాలా?

ఇంకో చిక్కు రెండు భాషల్లోనూ ఉంది. 'శనివారం దాకా' అంటే శనివారం కలిసినట్టా, కలవనట్టా? మేడారం జాతరనే తీసుకోండి. రెండేళ్లకోసారి, మాఘమాసంలో, మామూలుగా బుధవారం నుంచి శనివారం దాకా. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. సారలమ్మ బుధవారం గద్దెకు చేరుతుంది, సమ్మక్క గురువారం చిలుకలగుట్ట నుంచి వస్తుంది, శనివారం దేవతల వనప్రవేశం. మనకు ఈ క్రమం తెలుసు కాబట్టి 'శనివారం దాకా' అంటే శనివారం కూడా అని తెలుసు. బెంగళూరులో పనిచేసే మనవాడు తోటి ఉద్యోగికి 'ద జాతర ఈజ్ అంటిల్ సాటర్‌డే' అని రాస్తే? ఆ మనిషి శుక్రవారంతోనే అయిపోతుందనుకోవచ్చు, తప్పు కాదు. శనివారం రాత్రి దిగినా దర్శనం దొరుకుతుందనుకోవచ్చు, అదీ తప్పు కాదు. అమెరికన్లు దీనికి ఒక మంచి ఉపాయం పెట్టుకున్నారు. 'వెన్స్‌డే త్రూ సాటర్‌డే' అంటే శనివారం కలిసినట్టే. బ్రిటిష్‌వాళ్లు అలా అనరు, వాళ్లకు స్పష్టంగా రాయాలంటే 'అప్ టు అండ్ ఇంక్లూడింగ్' అని సాగదీయాలి. తెలుగులో మనం 'శనివారం గూడ ఉంటది' అని ఇంకో వాక్యం కలుపుతాం. ఇంగ్లీషులో రాసేటప్పుడూ ఆ ఇంకో వాక్యం కలపండి, నామోషీ ఏమీ లేదు. బై కి ఈ చిక్కు తక్కువ. మామూలు వాడుకలో బై ఫ్రైడే అంటే శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుంది. శుక్రవారం వద్దు, గురువారంతోనే అయిపోవాలంటే బిఫోర్ ఫ్రైడే.

పరీక్ష హాల్‌టికెట్లు రోజూ చూసే పిల్లలకు ఇది ఎంత ముఖ్యమో తెలిసుండాలి. ఇంటర్ పరీక్షలకు ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నిబంధన మన రాష్ట్రంలో కొన్నేళ్లు నడిచింది, గేటు బయట పిల్లలు ఏడవడం మనందరం చూశాం. 'రిపోర్ట్ బై 8.30', 'ఎగ్జామ్ బిగిన్స్ ఎట్ 9' అని పక్కపక్కన రాసి ఉంటే ఆ రెండు మాటలు రెండు వేర్వేరు ఆజ్ఞలు. బై అన్నచోట ముందెంత వస్తే అంత మంచిది, ఎట్ అన్నచోట సరిగ్గా ఆ నిమిషమే. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ఈ జంట నాకు ఎప్పుడూ కనబడలేదు.

ఫర్, సిన్స్ కథ వేరు. ఇక్కడ తెలుగు మనకు తోడు రాదు, అడ్డం కూడా వస్తుంది. అందుకే దీన్ని అన్నిటికంటే గట్టిగా నేర్పాలి. మనకు 'నుంచి' ఒక్కటే ఉంది, మా ఊళ్లల్లో అయితే 'సంది'. 'మూడేళ్ల సంది చేస్తున్న', '2021 సంది చేస్తున్న'. ఇంగ్లీషు మొదటిదానికి ఫర్ అంటుంది, రెండోదానికి సిన్స్ అంటుంది. హిందీలోనూ 'సే' రెండింటికీ సరిపోతుంది కాబట్టి దేశమంతా 'సిన్స్ త్రీ ఇయర్స్' అనే అంటోంది. అర్థం కాకపోవడం ఉండదు. కానీ ఇంటర్వ్యూలో అవతల కూర్చున్నవాళ్లు ఇంగ్లీషును కొలిచేటప్పుడు మొట్టమొదట పట్టుకునే తప్పుల్లో ఇదొకటి. దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది, ప్రత్యయంలో కాకుండా ప్రశ్నలో. 'ఎన్నేళ్ల సంది?' అని అడిగితే వచ్చే జవాబుకు ఫర్. 'ఎప్పటి సంది?' అని అడిగితే వచ్చే జవాబుకు సిన్స్. మూడేళ్లు, పది రోజులు, చానా దినాలు అన్నీ 'ఎన్ని'కి జవాబులు. 2021, మొన్నటి సోమవారం, పెండ్లయిన కాడి నుంచి, పొద్దుగాల, ఇవన్నీ 'ఎప్పుడు'కు జవాబులు. ఈ రెండు ప్రశ్నలూ పిల్లల నోట్లో ఆడితే చాలు.

అసలు ప్రమాదం క్రియ దగ్గర ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నర్సుగా పనిచేస్తున్న ఒకమ్మాయి విదేశీ ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ ఇచ్చింది. ఫర్, సిన్స్ తేడా బాగా నేర్చుకుంది. అనుభవం అడిగితే ధైర్యంగా 'ఐ వర్క్‌డ్ ఇన్ ఐసీయూ ఫర్ త్రీ ఇయర్స్' అంది. ప్రిపోజిషన్ సరైనదే. వెంటనే వచ్చిన ప్రశ్న, ఎందుకు మానేశావు అని. ఆ పిల్ల బిత్తరపోయింది. మానలేదు, ఆ పూట కూడా డ్యూటీ దిగి వచ్చింది. సర్దిచెప్పుకునేసరికి తడబాటు, తడబాటుతో అనుమానం.

తెలుగులో ఆ అమ్మాయి ఇలా ఎప్పటికీ చెప్పదు. మానేస్తే 'మూడేండ్లు చేసిన' అంటుంది, ఇంకా చేస్తుంటే 'మూడేండ్ల సంది చేస్తున్న' అంటుంది. అయిపోయిందా, నడుస్తోందా అనే సంగతిలో సగం మనం కాలం మాటకే కట్టేస్తాం, 'సంది' ఉంటే నడుస్తున్నట్టు, లేకపోతే అయిపోయినట్టు. ఇంగ్లీషులో ఫర్ రెండుచోట్లా ఒకటే, కాబట్టి భారం మొత్తం క్రియ మోయాలి. అయిపోయినదానికి 'వర్క్‌డ్', నడుస్తున్నదానికి 'హావ్ బీన్ వర్కింగ్'. బై, అంటిల్ దగ్గర మనం క్రియ మీద వదిలేసిన పనిని ఇంగ్లీషు ప్రిపోజిషన్‌కు ఇచ్చింది. ఇక్కడ మనం ప్రత్యయానికి ఇచ్చిన పనిని ఇంగ్లీషు క్రియకు ఇచ్చింది. ఇది ఒక్కసారి కళ్లకు కట్టినట్టు చూపిస్తే పిల్లలు మరిచిపోరు, నేను చూశాను. ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అని పేరు పెట్టి ఫార్ములా రాయిస్తే పరీక్ష దాకా గుర్తుంటుంది, ఇంటర్వ్యూలో గుర్తుండదు.

ఇన్, వితిన్, ఆఫ్టర్ గురించి కొంచెం. 'రెండు రోజుల్లో వస్త' అంటే మనకు రెండు రోజులు దాటకుండా అని. ఇంగ్లీషులో 'ఐ విల్ కమ్ ఇన్ టూ డేస్' అంటే సాధారణంగా రెండో రోజు గడిచే వేళకు, ఎల్లుండికి. దాటనివ్వను అని గట్టిగా చెప్పాలంటే వితిన్. మనవాళ్లు 'ఆఫ్టర్ టూ డేస్' అని రాస్తారు, 'రెండు రోజుల తర్వాత' అనే మాటను అలాగే దింపి. ఇప్పటి నుంచి లెక్కపెట్టి ఎల్లుండి అని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు ఆఫ్టర్ వాడరు, ఇన్ వాడతారు. ఆఫ్టర్ టూ డేస్ అంటే ఆ రెండు రోజులు గడిచాక ఎప్పుడైనా అని వినిపించే వీలుంది. నర్సింగ్ పిల్లలతో దీని మీద ఎక్కువ సేపు కూర్చుంటాను. ఐదు రోజులు మందు వాడాలి అంటే ఫర్ ఫైవ్ డేస్, ఐదు రోజుల్లోపు కుట్లు చూపించాలి అంటే వితిన్ ఫైవ్ డేస్, ఐదో రోజుకు రావాలి అంటే ఇన్ ఫైవ్ డేస్. తెలుగులో ఆ మూడు వాక్యాలూ వాళ్లు పేషెంటుకు రోజూ తప్పు లేకుండా చెప్తున్నారు. కేస్ షీట్‌లో రాసేటప్పుడు కూడా ముందు ఆ తెలుగు వాక్యం మనసులో అనుకుని తర్వాత రాయమంటాను.

ఆన్ టైమ్, ఇన్ టైమ్ తేడా కాజీపేట జంక్షన్‌లో నిలబడి చెప్పొచ్చు. రైలు టైమ్‌టేబుల్ ప్రకారం వస్తే ఆన్ టైమ్. అది కదలకముందే మనం ఉరికి అందుకుంటే ఇన్ టైమ్. 'టైముకు' అని మనం రెండింటికీ అంటాం. ఇంతకంటే దీని గురించి చెప్పడానికి లేదు.

నాతో వాదించే తోటి టీచర్లు రెండు మాటలు అంటారు. మొదటిది, ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలి, తెలుగు మధ్యలోకి వస్తే పిల్లాడు జీవితాంతం అనువాదం చేసుకుంటూ కూర్చుంటాడు. చుట్టూ ఇంగ్లీషు వినబడే పిల్లలకు అది నిజం కావచ్చు. పరకాలలోనో నర్సంపేటలోనో చదివే పిల్లాడికి బడిగంట కొట్టాక మళ్లీ మర్నాడు పొద్దుటిదాకా ఒక్క ఇంగ్లీషు వాక్యం చెవిన పడదు. వినికిడితో రావాల్సింది వినికిడి లేనిచోట రాదు. అప్పుడు రూల్ అన్నా కావాలి, తెలిసిన భాష ఆసరా అన్నా కావాలి. రూల్ ఏం చేసిందో 'ఆన్ నెక్స్ట్ మండే'లో చూశాం. పైగా తెలుగు వద్దన్నంత మాత్రాన పిల్లాడి తలలోంచి తెలుగు పోదు. మనకు తెలియకుండా లోపల 'వరకు అంటే అంటిల్' అని జత కట్టుకుంటాడు, అది తప్పుడు జత. బయటికి తెచ్చి మాట్లాడితేనే దాన్ని సరిచేయగలం.

రెండోది, ఇంత చిన్న మాటల మీద ఇంత రాద్ధాంతమా, అర్థమైతే చాలు కదా అంటారు. ఎట్, ఆన్, ఇన్ విషయంలో నేను వాళ్లతోనే ఉన్నాను, నిజానికి వాళ్లకంటే రెండడుగులు ముందున్నాను. వాటికి మార్కులు కోయొద్దనే నా పట్టు. కానీ గడువు తప్పడం, ఉద్యోగం మానేసిందనుకోవడం, మందు ఎన్ని రోజులో తెలియకపోవడం 'అర్థమైతే చాలు' అనే గీత దాటిపోయినవి. అక్కడ అర్థమే తేడా వస్తోంది.

2022-23 విద్యా సంవత్సరం నుంచి మన సర్కారు బళ్లల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. దానితోపాటు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. ఈ నిర్ణయం మీద ఎవరి అభిప్రాయాలు వాళ్లకు ఉన్నాయి, నాకూ ఉన్నాయి, ఆ చర్చ ఇంకోసారి. పుస్తకం మాత్రం మంచి సాధనం. సైన్స్ పాఠంలో, సోషల్ పాఠంలో కాలం చెప్పే వాక్యాలు పేజీకి ఎన్నో ఉంటాయి. వాటికి ఎదురుగానే తెలుగు ఉంది. ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం తెరవక్కర్లేకుండానే సోషల్ టీచర్ ఆ రెండు పేజీల మీద వేలు పెట్టి 'ఇక్కడ బై ఉంది, అక్కడ ఏముంది చూడండి' అనవచ్చు. నా దగ్గరికి వచ్చే టీచర్లను ఇదే అడుగుతున్నాను. ఆ పుస్తకాలు తయారుచేసేవాళ్లను అడిగేది ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు పేజీలో 'బై ఫ్రైడే' ఉన్న ప్రతిచోటా తెలుగు పేజీలో 'శుక్రవారం వరకు' అని అచ్చు వేయకండి, 'శుక్రవారం లోగా' అని వేయండి. 'వరకు'ను అంటిల్‌కు మాత్రమే దాచిపెట్టండి. 'ఫర్ త్రీ ఇయర్స్' పక్కన పని ఇంకా నడుస్తుంటే 'మూడేళ్ల నుంచి' అని, అయిపోయి ఉంటే 'మూడేళ్లు' అని వేయండి.